అమ్మాయి డ్యామ్ మోడలింగ్ అంటే మీకెందుకండీ టెన్షన్?

ప్రశ్న: మా అమ్మాయి సివిల్ మూడో ఏడాది. రిజర్వాయర్లలో నీటి ప్రవాహాన్ని మోడలింగ్ చేసే రంగంలోకి వెళ్తానంటోంది. కంప్యూటర్ సిమ్యులేషన్ మేలా, ల్యాబ్‌లో నమూనాలు కట్టే పనా? ఆరు నెలల ఆన్‌లైన్ కోర్సు చాలంటున్నారు. మా తోడల్లుడి కొడుకు సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడ్డాడు. ఆడపిల్ల డ్యాముల చుట్టూ ఏం తిరుగుతుందని మా భయం. - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఊరి పేరు మారుతుంది, తోడల్లుడు మాత్రం మారడు! మీ అసలు బెంగ పిల్ల వెనకబడిపోతుందేమోనని. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ కంటే తక్కువే ఉండొచ్చు, దాచను. కానీ దేశంలో ఐదు వేలకు పైగా పెద్ద డ్యాములున్నాయి. 2021 డ్యామ్ భద్రతా చట్టం వాటికి అత్యవసర కార్యాచరణ ప్రణాళిక ఉండాలంటోంది. కట్ట తెగితే ఏ ఊరికి ఎన్ని గంటల్లో నీళ్లొస్తాయో లెక్కకట్టకుండా అది తయారు కాదు. పనికి కొదవ లేదు.

ఆ ఆరు నెలల కోర్సు మీద మాత్రం నాకు నమ్మకం తక్కువ. కిందటేడు ఒక అబ్బాయి ల్యాప్‌టాప్‌లో వీడియో చూపించాడు. డ్యామ్‌లో వరద నీటిని బయటికి వదిలే స్పిల్‌వే మీంచి నీళ్లు ఎర్రగా, నీలంగా దూకుతున్నాయి. చూడముచ్చటగా ఉంది. నది అడుగు గరుకుదనానికి మ్యానింగ్ విలువ ఎంత వేశావన్నాను. సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉన్నదాన్ని అలాగే వదిలేశాడట. నిజం వరదలో కొలిచిన నీటిమట్టంతో సరిచూశావా అంటే, కోర్సులో అది లేదన్నాడు. ఏ అంకె ఇచ్చినా కంప్యూటర్ రంగుల బొమ్మ గీసిపెడుతుంది. ఇప్పుడు దానికి ఏఐ అన్న మాట తగిలించి ఫీజు పెంచుతున్నారు.

శ్రీశైలంలో గేట్ల నుంచి దూకే నీళ్లు దిగువన రాతినే తొలిచి పెద్ద గొయ్యి చేశాయి. గాలి కలిసిన నురుగు నీళ్లు రాయిని ఎలా పెకలిస్తాయో కంప్యూటర్‌లో లెక్కించడం ఇప్పటికీ కష్టమే. అందుకే పోలవరం స్పిల్‌వేకి పుణె దగ్గర ఖడక్‌వాస్లాలోని కేంద్ర పరిశోధనా సంస్థలో నమూనా కట్టి పరీక్షించారు. ఆ స్పిల్‌వే డిజైన్ వరద, అంటే అది సురక్షితంగా వదలగలిగేలా లెక్కగట్టిన వరద, 50 లక్షల క్యూసెక్కులు. వందో వంతు నమూనా కడితే, నమూనా ప్రవాహాన్ని అసలు నది ప్రవాహంతో పోల్చే ఫ్రూడ్ సూత్రం ప్రకారం అందులో వదలాల్సింది 50 క్యూసెక్కులే. అక్కడ 2 గంటల 24 నిమిషాలు గడిస్తే నదిలో ఒక రోజు గడిచినట్టు. నమూనా కూడా తప్పు చెప్పగలదు. ఇసుక రేణువును వందో వంతు చేస్తే బంకమట్టిలా అంటుకుంటుంది. అదీకాక, ఏళ్ల తరబడి చేరే పూడిక లెక్కకు కంప్యూటరే దిక్కు. రెండూ తెలిసిన మనిషి కావాలి. ఎంటెక్‌కు కాలేజీ చూసేటప్పుడు హైడ్రాలిక్స్ ల్యాబ్‌లోకి తొంగిచూడమనండి, నీళ్లు పారుతున్నాయో దుమ్ము పట్టిందో.

ఇంకో మాట, నొచ్చుకోకండి. మూడేళ్లు సివిల్ ఫీజు కట్టినప్పుడు రాని 'ఆడపిల్ల' ఆలోచన ఇప్పుడెందుకొచ్చింది? సైట్ సంగతి తను చూసుకుంటుంది. మీ భయాన్ని తన నెత్తిన రుద్దకండి.

నదుల్లో నీటి ప్రవాహాన్ని లెక్కగట్టే హెక్-రాస్ అనే సాఫ్ట్‌వేర్‌ను అమెరికా ఆర్మీ ఇంజనీర్ల సంస్థ ఉచితంగా ఇస్తోంది. 2024 సెప్టెంబరులో మున్నేరు మీ ఊళ్లోకి వచ్చింది కదా. ఈ సెలవుల్లో మున్నేరుకు మోడల్ చేసి, గోడల మీద వరద మరకలు ఇంకా ఉన్నచోట ఎత్తు కొలిచి సరిచూడమనండి. టేపు రెండో కొస మీరు పట్టుకోండి.