పద్యంలో ఇరవై అంకెలు, స్ప్రెడ్‌షీట్‌లో పదిహేనే

ప్రశ్న: చదరంగం మొదటి గడిలో ఒక గింజ, తర్వాత రెండు, నాలుగు, ఇలా 64 గళ్ళూ రెట్టింపు చేస్తూ పోతే మొత్తం ఎన్నంటే మా నాన్నగారు ‘శర శశి షట్క చంద్ర’ అని పద్యం ఎత్తుకుంటారు. మా అబ్బాయి స్ప్రెడ్‌షీట్‌లో వేస్తే 18446744073709600000 వచ్చింది. చివర సున్నాలున్నాయి, 10తో పోతుంది, తాతయ్య పద్యమే తప్పని వాడి గొడవ. ఎవరిది రైటు? ఇంత పెద్ద సంఖ్యకు కారణాంకాలు చేత్తో కట్టగలమా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: తాతగారిదే రైటండీ. పద్యం దాకా కూడా వెళ్ళక్కర్లేదు, మొదటి గడిలో ఉన్న ఆ ఒక్క గింజ చాలు. మిగతా 63 గళ్ళలోనూ సరి సంఖ్యలే కదా, వాటికి ఈ ఒకటి కలిస్తే మొత్తం బేసి అయింది, మరి బేసి సంఖ్యకి చివర సున్నా ఎక్కణ్ణుంచి వస్తుంది? స్ప్రెడ్‌షీట్ 15 అంకెలకే సవరించుకుని మిగతా చోట్ల సున్నాలు పెట్టేస్తుంది, పెట్టానని చెప్పదు కూడా.

ఇప్పుడు పద్యం విప్పండి. శర అంటే మన్మథుడి బాణాలు, 5. శశి ఒక్కడే, 1. షట్కం 6, చంద్రుడు మళ్ళీ 1. చివరికొచ్చేసరికి పద్మజాస్య, అంటే బ్రహ్మ ముఖాలు 4, కుంజర అంటే దిగ్గజాలు 8, తుహినాంశుడూ చంద్రుడే కాబట్టి 1. మొదటి మాట ఒకట్ల స్థానం, అక్కణ్ణుంచి ఎడమకి రాసుకుంటూ పోతే 18446744073709551615. పాతకాలపు గణిత కవి పావులూరి మల్లనదని చెప్పుకునే ఈ చంపకమాలలో గణాలూ తప్పలేదు, అంకే జారలేదు. నాకైతే లెక్క కన్నా అదే ఎక్కువ ఆశ్చర్యం!

ఇక కారణాంకాలు. చివర 5 కాబట్టి 5తో పోతుంది, అంకెలన్నీ కూడితే 87 కాబట్టి 3తో పోతుంది, 9తో పోదు. అలాగని 7, 11 అంటూ ఒక్కోటీ పెట్టి భాగించుకుంటూ కూర్చోకండి. 64 రెండ్లను గుణిస్తే వచ్చేదానికి ఇది సరిగ్గా ఒకటి తక్కువ, కాబట్టి బళ్ళో నేర్చుకున్న ‘ఎ స్క్వేర్ మైనస్ బి స్క్వేర్’ సూత్రాన్నే మళ్ళీ మళ్ళీ వాడితే 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297గా విడిపోతుంది. మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలే. ఆరోదీ అంతే అనుకున్నాడు గణితవేత్త ఫెర్మా, 1640ల నాటి మాట. 1732లో మరో గణితవేత్త ఆయిలర్ అది 641తో పోతుందని చూపించాడు. దాన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే 64 గుణిజం కన్నా ఒకటి ఎక్కువే అయ్యుండాలని కూడా ఆయనే నిరూపించాడు. ఆ లెక్కన పరీక్షించాల్సినవి 193, 257, 449, 577, ఆ తర్వాత 641, అంటే ఐదో భాగహారానికే దొరికిపోతుంది! మిగిలేది 6700417, అదీ ప్రధాన సంఖ్యే. మొత్తం ఏడు వేర్వేరు ప్రధాన సంఖ్యలు, ఒక్కోటీ ఒక్కసారే, కాబట్టి మీ గింజల సంఖ్యకు భాజకాలు 128.

మీ అబ్బాయిని 641ని 6700417తో కాగితం మీద గుణించమనండి. పది అంకెలే వస్తాయి, సరిచూసుకోడానికి స్ప్రెడ్‌షీట్‌నీ నమ్మొచ్చు.