పాత నోటు, ఇస్త్రీ పెట్టె, తొందరపెట్టే షాపాయన

ప్రశ్న: మేం అంటారియోలో ఉంటున్నాం. మా మామగారికి పాత నాణేలు, నోట్లు దాచుకునే పిచ్చి ఉండేది. ఆయన పోయాక అత్తయ్య ఆ ఆల్బమ్ మా చేతికిచ్చారు. అందులో 1935 నాటి 25 డాలర్ల కెనడా నోటు ఉంది. మధ్యలో నిలువుగా ఒక మడత, పై అంచున చిన్న చిరుగు. దగ్గర్లో పాత నాణేలు కొనే షాపులో చూపిస్తే 900 డాలర్లు ఇస్తాను, కానీ ఇవాళే అమ్మాలి అన్నాడు. ఆన్‌లైన్‌లో అదే నోటుకి ఎవరో 15 వేలు అని పెట్టారు. ఏది నమ్మాలి? చిరుగుకి టేపు వేసి, మడత పోయేలా మెల్లగా ఇస్త్రీ చేసి అమ్మితే ధర పెరుగుతుందా? అసలు బ్యాంకులో తీసుకుంటారా? — ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ ఇస్త్రీ పెట్టె లోపల పెట్టేయండి అమ్మా, టేపు కూడా. మడత, చిరుగు ఉన్న నోటు కొనేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, ఇస్త్రీ చేసి టేపు అంటించిన నోటు అనగానే సగంమంది వెనక్కి తగ్గుతారు. ఈ నోట్ల మీద ఇంకు కాగితం పైకి కొంచెం ఎత్తుగా ఉంటుంది, కొత్త నోటైతే వేలికి గరుకుగా తగులుతుంది కూడా. కడిగినా నొక్కినా ఆ ఎత్తు అణిగిపోతుంది, కాగితం నిర్జీవంగా తయారవుతుంది, అనుభవం ఉన్నవాళ్లు దీపం కింద ఏటవాలుగా పట్టుకుని చూసి ఇట్టే పట్టేస్తారు. టేపు జిగురు మరక అయితే ఇక పోనే పోదు.

బ్యాంకు సంగతి. కెనడాలో 1, 2, 25, 500, 1000 డాలర్ల నోట్లకి 2021 జనవరి 1 నుంచి చెలామణీ హోదా లేదు. అంటే షాపులో ఇస్తే తీసుకోవాల్సిన పని లేదు. కెనడా కేంద్ర బ్యాంకు, అంటే బ్యాంక్ ఆఫ్ కెనడా, మాత్రం ఇప్పటికీ ముఖ విలువ ఇస్తుంది, మీకు సరిగ్గా 25 డాలర్లు వస్తాయి, నోటు ధ్వంసమైపోతుంది. ఆ పని మాత్రం చేయకండి.

ఇంతకీ మీ దగ్గరున్నది మామూలు నోటు కాదు. బ్యాంక్ ఆఫ్ కెనడా 1935 మార్చిలో తెరుచుకుంది, అదే ఏడాది అయిదో జార్జి రాజు గద్దెనెక్కి పాతికేళ్లయిన రజతోత్సవం వచ్చింది, ఆ సందర్భంగా వేసిన నోటిది. ముందు వైపు రాజు, మేరీ రాణి, వెనక విండ్సర్ కోట, ఊదా రంగు. ఆ తర్వాత కెనడా మళ్లీ 25 డాలర్ల నోటు వేయనే లేదు. 1935 నోట్లన్నీ ఇంగ్లీషులో వేరు, ఫ్రెంచిలో వేరు, రెండు భాషలూ ఒకే నోటు మీదికి వచ్చింది 1937లో. అందుకని పైన బ్యాంక్ ఆఫ్ కెనడా అని ఉందా, బాంక్ ద్యు కెనడా అని ఉందా చూడండి. ఫ్రెంచివి తక్కువ దొరుకుతాయి, కాబట్టి ధర ఎక్కువ. కెనడా నోట్లకి నంబర్లిచ్చే చార్ల్‌టన్ కేటలాగులో ఇంగ్లీషుది బీసీ-11, ఫ్రెంచిది బీసీ-12. వెతికేటప్పుడు ఈ నంబరుతో వెతికితే చెత్త రాదు.

ఇక ధర. ఆన్‌లైన్‌లో 15 వేలు అని పెట్టినాయన అలా పెట్టుకుని ఎన్నేళ్లయిందో! అడిగే ధరతో మీకు పని లేదు, అమ్ముడైన ధరే చూడాలి. ఈబేలో అమ్ముడైనవి మాత్రమే చూపించే ఫిల్టర్ ఉంది, వేలం సంస్థల సైట్లలో పాత వేలాల ఫలితాలు ఉంటాయి. అక్కడ మీ నోటు లాంటి మడత, మీ నోటు లాంటి చిరుగు ఉన్నవాటినే పోల్చుకోండి, ఎందుకంటే ఈ నోటు విషయంలో కొత్త కాగితానికీ నలిగిన కాగితానికీ తేడా వందల్లో కాదు, వేలల్లో ఉంటుంది. వేలం ధర చూసేటప్పుడు ఇంకో మెలిక, కొన్నవాడు వేలం సంస్థకి అదనంగా కట్టే ప్రీమియం అందులో కలిపారో లేదో చూసుకోవాలి. అది మీ చేతికి రాదు, పైగా మీ దగ్గర కమీషన్ వేరే పట్టుకుంటారు.

గ్రేడ్, అంటే నోటు ఎంత బాగుందన్నది, తేల్చేది మీరూ నేనూ కాదు. కెనడా నోట్లకి బీసీఎస్, అమెరికాలో పీఎంజీ లాంటి సంస్థలు నోటు అసలుదా నకిలీదా, అంచులు కత్తిరించారా, సూది బెజ్జాలున్నాయా అని చూసి, 70 వరకు ఉన్న స్కేలు మీద ఒక అంకె వేసి, ప్లాస్టిక్ కవరులో సీల్ చేసి పంపుతాయి. వెరీ ఫైన్, అంటే కాస్త వాడినా బాగున్నది, 20 నుంచి మొదలు, ఎక్స్‌ట్రా ఫైన్, అంటే చాలా తక్కువ వాడినది, 40 నుంచి, అసలు వాడనిది 60 పైన. ఫీజు, ఇన్సూరెన్స్‌తో పోస్టు ఖర్చు అవుతాయి గానీ ఇలాంటి నోటుకి అది దండగ కాదు. పదీ ఇరవై డాలర్లు పలికే నోటుకైతే నేనే వద్దంటాను.

900 తక్కువా అంటే, చూడకుండా చెప్పలేను. డీలరు ఎప్పుడూ తాను అమ్మబోయే ధర కంటే తక్కువే ఇస్తాడు, అతనికీ అద్దె ఉంటుంది, లాభం కావాలి, అందులో మోసం ఏమీ లేదు. నాకు నచ్చనిది ఆ 'ఇవాళే' అన్న మాట. దాదాపు తొంభై ఏళ్లు ఆగిన నోటు ఇంకో నెల ఆగలేదా? ఇంకో ఇద్దరు ముగ్గురికి చూపించండి, నోటు మాత్రం వాళ్ల దగ్గర వదిలి రాకండి. కెనడియన్ పేపర్ మనీ సొసైటీ అని 1964 నుంచి ఉంది, కాగితపు నోట్లు మాత్రమే తెలిసిన జనం అక్కడ ఉంటారు. నన్నడిగితే గ్రేడింగ్ చేయించి, కెనడా నోట్లు తరచూ అమ్మే వేలం సంస్థకి ఇస్తాను, ఇంత కంటే తక్కువకి పోకూడదు అని రిజర్వు ధర రాయించుకుని. డబ్బు రావడానికి నెలలు పడుతుంది, తొందర ఉంటే మాత్రం డీలరే నయం.

ఇంకొకటి, మీ మామగారు పోయిన రోజుకి ఆ నోటు మార్కెట్ ధర ఎంతో కాగితం మీద ఉంచుకోండి. వారసత్వంగా వచ్చినదాన్ని అమ్మితే పన్ను కోసం లాభం లెక్క సాధారణంగా ఆ ధర నుంచే మొదలవుతుంది. అకౌంటెంట్‌ని ఒకమాట అడగండి. ఈలోపు ఆల్బమ్ కవర్లు జిడ్డుగా, ఘాటు వాసనతో ఉంటే నోటుని తీసి మైలార్ అనే పాలిస్టర్ కవరులోకి మార్చండి. ఆ రకం పీవీసీ ప్లాస్టిక్ కాగితాన్ని తినేస్తుంది.

ప్రశ్న: నా దగ్గరున్న కెనడా డాలరు నోటు మీద సీరియల్ నంబరే లేదు, ఆ చోట 1867, 1967 అని ఉంది. ముద్రణలో తప్పు జరిగిందా? లక్షలు వస్తాయా? — ఇంకొక పాఠకుడు

జవాబు: తప్పేం కాదండీ, కావాలనే అలా వేశారు. కెనడా ఏర్పడి వందేళ్లయిన సందర్భంగా దాచుకునేవాళ్ల కోసం వేసినవి, అందరూ దాచుకున్నారు, అందుకే ఇప్పటికీ కుప్పలుగా దొరుకుతాయి. అసలు ఏ మడతా లేకపోతే డాలరు కంటే కాస్త ఎక్కువ రావచ్చు, అంతే. 1954 నోట్లు ఉంటే మాత్రం ఒకసారి తీసి చూడండి. మొదట్లో వచ్చినవాటిలో ఎలిజబెత్ రాణి జుట్టులో, చెవి వెనక, పళ్లికిలిస్తున్న దెయ్యం ముఖంలా కనిపిస్తుందని గోల జరిగి, ఆ తర్వాత 1956లో అచ్చు దిమ్మ సరిదిద్దారు. దెయ్యం ముఖం ఉండి, సీరియల్ నంబరు ముందు చిన్న నక్షత్రం గుర్తు కూడా ఉంటే, అది చెడిపోయిన నోటు బదులు వేసిన నోటన్నమాట, వాటికి గిరాకీ బాగా ఉంది. అలాంటిది దొరికితే మళ్లీ రాయండి, ఫొటో రెండు వైపులా తీసి పంపండి.