ఇద్దరు గైడ్‌లు, రెండు ఊళ్లు: ఈ పీహెచ్‌డీలో చేర్చొచ్చా?

ప్రశ్న: మేం పెరంబూరులో ఉంటాం. మావారు ఐసీఎఫ్ రైలుపెట్టెల ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు. అమ్మాయి బయోమెడికల్ ఇంజనీరింగ్‌లో ఎం.టెక్. పూర్తి చేసింది, ఇప్పుడు పీహెచ్‌డీ సీటు వచ్చింది. రిజిస్ట్రేషన్ చెన్నైలోని ఒక ఇంజనీరింగ్ సంస్థలో, సగం పని వేలూరులోని ఒక ఆసుపత్రిలో. గైడ్‌లు ఇద్దరు: ఒకరు ప్రొఫెసర్, ఒకరు డాక్టర్. రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. పెళ్లి సంగతీ చూడాలి కదా. ఏం చేయమంటారు?

జవాబు: మీ భయం ఉత్తది కాదమ్మా. అయితే రెండు పడవలనూ కలిపి గట్టిగా కట్టేసి ఉంటే మీద నిలబడొచ్చు. అవి కట్టి ఉన్నాయో లేదో చూసుకోవాలి, అంతే.

అసలు ఇద్దరు గైడ్‌లు ఎందుకంటారా? త్రివేండ్రంలోని శ్రీచిత్ర తిరునాళ్ వైద్య సంస్థలో మన దేశపు కృత్రిమ గుండె కవాటం తయారైంది. గుండె సర్జన్ డాక్టర్ వలియత్తాన్ నాయకత్వంలో సర్జన్లు, ఇంజనీర్లు ఏళ్ల తరబడి కలిసి పనిచేశారు. మొదటి మూడు నమూనాలు దెబ్బతిన్నాయి. నాలుగోదాన్ని 1990 డిసెంబరులో తొలిసారి రోగికి అమర్చారు. ఏ పదార్థం ఎంతకాలానికి అరుగుతుందో ఇంజనీరు చెప్పగలడు. కుట్టు ఎక్కడ పడాలో, రక్తం ఎక్కడ గడ్డకడుతుందో సర్జన్ చెప్పాలి. మీ అమ్మాయి రేపు ఏ పరికరం మీద పనిచేసినా ఈ ఇద్దరి మాటా వినక తప్పదు. ఇదే శ్రీచిత్ర, ఐఐటీ మద్రాసు, వేలూరు సీఎంసీ ఆసుపత్రి మూడూ కలిసి క్లినికల్ ఇంజనీరింగ్‌లో ఎం.టెక్. నడుపుతున్నాయి కూడా. కాబట్టి ఇలాంటి చదువు మన వైపు కొత్తేమీ కాదు.

ఇక ఆ పడవల కట్టు సంగతి. ఆ గైడ్‌లిద్దరూ ఇంతకుముందు కలిసి పేపరు రాశారా? వాళ్ల దగ్గర ఉమ్మడిగా చేరిన స్టూడెంట్ ఎవరైనా ఉన్నారా? ఉంటే అమ్మాయిని ఆ స్టూడెంట్‌తో ఫోన్లో మాట్లాడమనండి, నా సలహా కన్నా అది మేలు. నా దగ్గరకు వచ్చిన ఒక కుర్రాడి గైడ్‌లకు కాగితం మీద తప్ప పరిచయమే లేదు. ఒకరు పేషెంట్ల డేటా కావాలంటారు, ఇంకొకరు ముందు పరికరం చూపించమంటారు. మధ్యలో ఎనిమిది నెలలు గాలికి పోయాయి.

ఇంకొకటి, చేరేముందు చాలామంది అడగనిది: ఎథిక్స్ కమిటీ (రోగులతో చేసే పరిశోధన న్యాయంగా ఉందో లేదో చూసే కమిటీ) అనుమతి. రోగుల రక్తం, స్కాన్, కేస్ షీట్ ఏది ముట్టుకోవాలన్నా ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. చాలాచోట్ల రెండు సంస్థల కమిటీలూ చూస్తాయి. దీనికి నెలలు పడుతుంది. ప్రాజెక్టుకు ఆ అనుమతి ముందే ఉంటే సగం తలనొప్పి తీరినట్టే. లేదంటే మొదటి ఏడాది కోర్స్‌వర్క్‌తో పాటు ల్యాబ్‌లోనే చేసుకోగల పని ఏముందో అడగాలి.

డబ్బు విషయం సులువే. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) స్థాయి ఫెలోషిప్ 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000. అది ఏ సంస్థ ఇస్తుంది, వేలూరులో ఉన్న నెలల్లో హాస్టల్ ఎవరిస్తారు అన్నవి మాత్రం రాతపూర్వకంగా తీసుకోండి. చెన్నై సెంట్రల్ నుంచి వేలూరు పక్కనున్న కాట్పాడి స్టేషనుకు రైల్లో రెండు గంటలేగా అని రోజూ తిరగమనకండి. వార్డులో డాక్టర్ గారికి ఎప్పుడు తీరిక దొరుకుతుందో ఆయనకే తెలియదు.

పెళ్లి గురించి నేను చెప్పకూడదు గానీ, రూల్స్ చెబుతాను. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. మహిళలకు అదనంగా రెండేళ్ల సడలింపు, 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉన్నాయి. ఐఐటీల వంటి సంస్థలకు సొంత నిబంధనలుంటాయి, అమ్మాయి చేరే చోట ఏమున్నాయో కనుక్కోండి. మధ్యలో పెళ్లి చేసుకుని పూర్తి చేసినవాళ్లు బోలెడుమంది. పెళ్లివారికి ‘ఇంకో ఏడాదిలో అయిపోతుంది’ అని మాత్రం మాటివ్వకండి.

సీటు ఒప్పుకునే ముందు అమ్మాయిచేత గైడ్‌లిద్దరికీ కలిపి ఒకే మెయిల్ పెట్టించండి: మొదటి ఏడాది ఎన్ని నెలలు ఎక్కడ, ఎథిక్స్ అనుమతి ఏ దశలో ఉంది, డిగ్రీ మీద ఏ సంస్థ పేరుంటుంది అని. ఇద్దరిలో ఒక్కరే జవాబిస్తే నాకు మళ్లీ రాయండి.