సుస్తీ అంటే జబ్బా, బద్ధకమా? అసలు ఈ మాట ఎక్కడిది?

రెండూనూ. ఈ ప్రశ్న చూడగానే నాకు ఒకప్పటి 102 డిగ్రీల జ్వరం గుర్తొచ్చింది, అందుకే రాస్తున్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్త. మా మేనేజర్ హిందీ మనిషి, తెలుగు ఒక్క ముక్క రాదు. నా హిందీ అంతా స్కూల్లో సెకండ్ లాంగ్వేజ్ పుణ్యం. మాట తెలియని చోట తెలుగు మాటే పడేసి చివర 'హై' తగిలిస్తే సరిపోతుందని నాకు గట్టి నమ్మకం, సగం సార్లు సరిపోయేది కూడా, ఖర్చు, తయారు, కుర్చీ లాంటివి రెండు చోట్లా ఉన్నాయి కదా. ఆ రోజు తెల్లారేసరికి ఒళ్లు కాలిపోతోంది, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. 'సర్, ముఝే సుస్తీ హై, ఆజ్ నహీ ఆవూంగా' అని మెసేజ్ పెట్టి మళ్లీ ముసుగు తన్నాను. రెండు నిమిషాల్లో జవాబు: 'తో చాయ్ పీకే ఆ జావో.' టీ తాగి వచ్చెయ్యమట!

మనిషన్నాక కాస్తయినా జాలి ఉండాలి కదా అని తిట్టుకుంటూ, కొత్త ఉద్యోగం టెన్షన్ ఒకటి, పారాసెటమాల్ వేసుకుని వెళ్లాను. నా మొహం చూసి ఆయనే కంగారుపడ్డాడు. జ్వరమని చెప్పలేదేం అన్నాడు. చెప్పాను కదా సార్, సుస్తీ అని! పక్క సీటతను పొట్ట పట్టుకుని నవ్వీ నవ్వీ అప్పుడు చెప్పాడు, హిందీలో సుస్తీ అంటే బద్ధకమని. అంటే 'ఇవాళ బద్ధకంగా ఉంది, రాను' అని సాక్షాత్తూ మేనేజర్‌కే రాతపూర్వకంగా పంపానన్నమాట.

మాట పర్షియన్‌ది. 'సుస్త్' అంటే సడలినది, బిగువు లేనిది, నీరసించినది. హిందీ, ఉర్దూల్లో అది బద్ధకం వైపు వెళ్లింది, ఆర్థిక మందగమనాన్ని కూడా హిందీ పేపర్లు సుస్తీ అనే రాస్తాయి. కన్నడంలో 'సుస్తు' అంటే అలసట. మనం ఇంకో అడుగు వేసి ఏకంగా జబ్బు చేసేశాం. 1518 నుంచి 1687 దాకా గోల్కొండ ఏలిన కుతుబ్ షాహీల కొలువులో పర్షియన్ నడిచింది, తర్వాత నిజాముల దగ్గరా చాలాకాలం అదే, కాబట్టి కచేరీల్లో రాతకోతల వాళ్ల నోటి మీదుగా ఊళ్లలోకి దిగి ఉంటుంది. ఇక నా సొంత సిద్ధాంతం: పని ఎగ్గొట్టిన గుమాస్తా ఎవడో 'సుస్తీ అండీ' అని నిజమే చెప్పి ఉంటాడు, విన్నవాళ్లు పాపం ఒంట్లో బాలేదేమో అనుకుని ఉంటారు. ఆధారాలు అడక్కండి, నాకు జరిగింది సరిగ్గా దీన్ని తిరగేసిన కథ, అది చాలు.

పైగా 'నాకు సుస్తీ చేసింది' అంటాం చూడండి, జలుబు చేసింది, జబ్బు చేసింది అన్నట్టే. చేసింది అది, నేను కాదు, నా తప్పేం లేదు. బద్ధకానికి ఆ వెసులుబాటు లేదు. 'నాకు బద్ధకం చేసింది' అని ఎవరైనా అనగా విన్నారా?

ఇంత మంచి మాట ఇప్పుడు పెద్దవాళ్ల నోట తప్ప పెద్దగా వినపడదు. పేపర్లలో అందరూ 'అస్వస్థతకు గురవుతారు', ఇళ్లలో అందరికీ 'హెల్త్ బాలేదు'. తెలంగాణలో 'పానం బాగలేదు' అంటారు, అది నయం, వినగానే నిజంగా ఎక్కడో లోపల బాలేదని తెలుస్తుంది.

ఆ మేనేజర్ మాత్రం నన్ను వదల్లేదు. అక్కడ పనిచేసిన రెండేళ్లూ నేను ఎప్పుడు లీవ్ అడిగినా, 'తెలుగువాలీ సుస్తీ యా హిందీవాలీ?' అనేవాడు. తెలుగుదే సార్ అని దగ్గేవాణ్ణి. చాలాసార్లు హిందీదే.