ఆటస్థలం: వింబుల్డన్ వచ్చిందంటే మా ఇంట్లో టీవీ మాది కాదు

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. మా మావయ్యగారు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఏడాది పొడుగునా టీవీ జోలికి రారు, వార్తలు చూసి లేచిపోతారు. లండన్‌లో జరిగే వింబుల్డన్ టెన్నిస్ పోటీలు మొదలైతే మాత్రం మధ్యాహ్నం మూడున్నరకి పడక్కుర్చీ వాల్చుకున్నారంటే మళ్ళీ లేచేది అర్ధరాత్రి దాటాకే. ఉన్నది ఒక్క టీవీ. మా అబ్బాయి తొమ్మిదో తరగతి, షటిల్ బాగా ఆడతాడు. నిజం చెప్పాలంటే ఆయన పక్కన కూర్చుని కూర్చుని నాకూ ఆ ఆట అర్థమైంది, ఫైనల్ రోజున వంట తొందరగా ముగించుకుని నేనూ చూస్తాను. కానీ రెండు వారాలపాటు స్పోర్ట్స్ చానెల్లో అదే, వార్తల్లో అదే, పేపర్లో ఆటల పేజీ నిండా అదే. మన అమలాపురం కుర్రాడు సాత్విక్ షటిల్ ఆడే రోజున మాత్రం ఏ చానెల్లో వస్తుందో వెతుక్కోవాలి. ఇంతలా చూపించడం అవసరమా అండి? చూడాలనీ ఉంటుంది, కట్టెయ్యాలనీ ఉంటుంది. నా విసుగు సబబేనా?
– పేరు వెయ్యొద్దన్న పాఠకురాలు, రాజోలు మండలం

జవాబు: మీ విసుగు సబబే అమ్మా. మీ మావయ్యగారి ఇష్టమూ సబబే. నా ఉద్యోగమంతా కోనసీమలోని జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో పిల్లల చేత ఆటలాడించడంతో గడిచింది. టెన్నిస్ అంటే నాకు ప్రాణం. అయినా ఏటా ఆషాఢం వేళకి, ఆకుమళ్ళు పోసే రోజుల్లో, ఈ వింబుల్డన్ దగ్గర నా మనసూ మీలాగే రెండుగా ఉంటుంది. ఎందుకిలా ఉంటోందని ఆలోచిస్తే నాకు తేలింది ఇది: టీవీవాళ్ళు టెన్నిస్ మరీ ఎక్కువ చూపిస్తున్నారని కాదు. గంటలు ఎక్కువ, చూపించే ఆట తక్కువ. నా ఫిర్యాదు అదీ.

లెక్క చూడండి. మగవాళ్ళ సింగిల్స్‌లో 128 మంది, ఆడవాళ్ళ సింగిల్స్‌లో 128 మంది. వాన అడ్డం రాకపోతే మొదటి సోమ, మంగళవారాల్లోనే 128 మ్యాచ్‌లు అయిపోతాయి. అక్కడ ఆట జరిగేది 18 కోర్టుల్లో. మన ఇంట్లో టీవీ పెడితే కనిపించేది సెంటర్ కోర్టు, కాదంటే ఒకటో నంబరు కోర్టు. వాటిలో ఆడేదీ పేరున్న ఆ నలుగురైదుగురే. వాళ్ళలో ఒకరు ఎవరో కొత్త కుర్రాణ్ణి గంటన్నరలో ఓడించిన మ్యాచ్‌ని మొత్తం వేస్తారు, మర్నాడు పొద్దున్న మళ్ళీ వేస్తారు, మధ్యాహ్నం ముఖ్యాంశాలంటూ ఇంకోసారి వేస్తారు. అదే వేళకి ఏ పదిహేడో కోర్టులోనో ఇద్దరు ఐదో సెట్‌లో ఒళ్ళు హూనం చేసుకుని ఆడుతుంటారు. వాళ్ళ గురించి మనకి తెలిసేది తెర కింద పరిగెత్తే స్కోరు వల్ల మాత్రమే.

2010లో జాన్ ఇస్నర్, నికొలా మహూ ఆడిన మ్యాచ్ మొదటి రౌండుది. ఆడింది 18వ కోర్టులో. మూడు రోజులు, మొత్తం 11 గంటల 5 నిమిషాలు, ఆఖరి సెట్ 70-68. స్కోరుబోర్డు 47-47 దగ్గర ఆగిపోయింది, అంతకు మించి లెక్కపెట్టేలా దాన్ని తయారు చెయ్యలేదు. రెండో రోజు 59-59 దగ్గర చీకటి పడి ఆట ఆపేటప్పటికి మనకి రాత్రి ఒంటిగంటన్నర దాటింది. నేను మెలకువగానే ఉన్నాను. మహూ క్వాలిఫయింగ్ పోటీలు గెలిచి వచ్చినవాడు, ఆ వారం ముందు వరకూ అతని పేరు మన ఊళ్ళలో ఎవరూ విని ఉండరు. బంతి అందదని తెలిసీ ఒళ్ళంతా చాపి దూకడం నేను అతని దగ్గరే చూశాను. ఇలాంటిది చూడాలంటే కెమెరా చిన్న కోర్టుకి వెళ్ళాలి. ఆ ఏడాది స్కోరు చరిత్రకెక్కింది కాబట్టి వెళ్ళింది.

మరి టీవీవాళ్ళకి టెన్నిస్ అంటే ఇంత ఇష్టం దేనికి? ఆట పద్ధతిలోనే కారణం ఉంది. ప్రతి బేసి గేము అయ్యాక ఆటగాళ్ళు కోర్టులో వైపులు మారతారు. సెట్‌లో మొదటి గేము తర్వాత తప్ప, మారిన ప్రతిసారీ 90 సెకన్ల విరామం. సెట్ అయితే రెండు నిమిషాలు. పాయింటుకీ పాయింటుకీ మధ్య మళ్ళీ 25 సెకన్లు. ప్రకటనలకి, రీప్లేలకి, గ్యాలరీలో కూర్చున్న సినిమావాళ్ళనీ క్రికెటర్లనీ చూపించడానికి ఇంతకన్నా అనువైన ఆట ఏముంది? మన కబడ్డీ ఇరవై నిమిషాల సగాలు రెండు, నలభై నిమిషాలకి ముగుస్తుంది. టెన్నిస్‌కి ఫలానా వేళకి ముగియాలని లేదు. ఒక్క మ్యాచ్‌తో సాయంత్రమంతా నిండిపోతుంది.

టీవీ వల్ల చెడే జరిగిందని అనను. బీబీసీ 1937లోనే వింబుల్డన్‌ని చూపించింది. 1967లో బ్రిటన్‌లో రంగుల ప్రసారాలు మొదలైందీ ఆ పచ్చిక మీదనే. తెల్లబంతి తెర మీద సరిగ్గా ఆనడం లేదని 1972లో పసుపు బంతిని నిబంధనల్లో చేర్చారు, వింబుల్డన్ మాత్రం 1986 దాకా ఆగింది. 2009లో సెంటర్ కోర్టుకి మూసే కప్పు వచ్చింది. అంతకు ముందు లండన్‌లో వాన పడితే మనం ఇక్కడ పాత మ్యాచ్‌లు చూస్తూ కూర్చునేవాళ్ళం. ఇప్పుడు దీపాల కింద అక్కడి రాత్రి 11 దాకా, అంటే మనకి తెల్లవారుజాము మూడున్నర దాకా ఆడుకోవచ్చు. మీ మావయ్యగారి నిద్ర చెడగొడుతున్నది ఆ కప్పేనమ్మా.

ఆయన ఇష్టం గురించి ఒక మాట. 1985లో పదిహేడేళ్ళ బోరిస్ బెకర్ గెలిచినప్పుడు మా ఊళ్ళో టీవీ లేదు. మర్నాడు పేపర్లో అతను గాల్లోకి దూకిన ఫొటో చూసి, ఆ దెబ్బ ఎలా కొట్టి ఉంటాడా అని ఊహించుకున్నాం. ఆటని ఫొటోల్లో చూసి పెరిగిన తరం మాది. ఇన్ని గంటల ప్రసారం ఎదురుగా ఉంటే కుర్చీలోంచి లేవబుద్ధి కాదు. ఆయన్ని అలా చూడండి.

ఇక నన్ను నిజంగా బాధించే సంగతికి వస్తాను. టెన్నిస్‌లో మన దేశానికి పెద్ద టైటిళ్ళు తెచ్చింది డబుల్స్. సింగిల్స్‌లో రామనాథన్ కృష్ణన్ 1960, 1961లో సెమీఫైనల్ చేరారు, అంతకు మించి వింబుల్డన్‌లో ఎవరూ వెళ్ళలేదు. డబుల్స్‌లో 1999లో లియాండర్ పేస్, మహేశ్ భూపతి గెలిచారు. 2015లో మన సానియా మీర్జా మార్టినా హింగిస్‌తో కలిసి గెలిచింది. అది జులై 11, గోదావరి పుష్కరాలకి ఇంకా మూడు రోజులు. ఇంటినిండా చుట్టాలు, టీవీలో ఏ చానెల్ పెట్టినా ఘాట్లు. అందర్నీ బతిమాలి చానెల్ మార్పించాను. రాత్రి బాగా పొద్దుపోయింది. మూడో సెట్‌లో 2-5 వెనకబడి, అక్కడి నుంచి 5-5 చేశారు. వెలుతురు చాలక ఆట ఆపి, కప్పు మూసి, దీపాలు వేశారు. మళ్ళీ వచ్చి వరసగా రెండు గేములు గెలిచి 7-5తో ముగించారు. టెన్నిస్ అంటే ఏమిటో తెలియని మా వదినగారు కూడా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మర్నాడు పేస్, హింగిస్‌తో మిక్స్‌డ్ డబుల్స్ గెలిచాడు. అదే రోజు సుమిత్ నాగల్ బాలుర డబుల్స్ గెలిచాడు. రెండు రోజుల్లో మూడు టైటిళ్ళు, మూడూ డబుల్స్‌లోనే. అయినా ఈ రోజుకీ మన చానెళ్ళకి డబుల్స్ అంటే సింగిల్స్ అయ్యాక వేళ మిగిలితే వేసేది. మనకి వచ్చిన ఆటని మనకే చూపించరు.

సాత్విక్ విషయంలో మీ కోపం నా కోపం ఒకటే. అమలాపురంలో పుట్టిన కుర్రాడు. చిరాగ్ శెట్టితో కలిసి 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచాడు, బ్యాడ్మింటన్‌లో మన దేశానికి ఆ క్రీడల్లో అదే మొదటి స్వర్ణం. అదే నెలలో ప్రపంచ ఒకటో ర్యాంకు. అంతకు ముందు 2022 మే 15న బ్యాంకాక్‌లో బ్యాడ్మింటన్‌లో దేశాల జట్లు తలపడే థామస్ కప్ ఫైనల్, ఎదుట ఇండోనేసియా. మొదటి గేము పోయి, రెండో గేములో ఓటమి అంచు దాకా వెళ్ళి 18-21, 23-21, 21-19తో ఆ జంట గెలిచింది. మన దేశం తొలిసారి థామస్ కప్ అందుకుంది. ఆ మ్యాచ్ మా ఇంటి కనెక్షన్‌లో రాలేదు. మనవడి ఫోన్‌లో, బొమ్మ ఆగుతూ సాగుతూ ఉంటే చూశాను. కొబ్బరిచెట్ల మధ్య వల కట్టుకుని, గాలి తగ్గే దాకా ఆగి షటిల్ ఆడుకునే ఊళ్ళు మనవి. ఆ పిల్లల్లో ఒకడు ప్రపంచాన్ని గెలుస్తుంటే ఇక్కడి ప్రతి ఇంట్లో కనిపించాలి కదమ్మా.

బాల్ బ్యాడ్మింటన్ సంగతి ఇంకా కష్టం. ఊలు బంతి, అటు ఐదుగురు ఇటు ఐదుగురు. నేను స్కూళ్ళలో ఎక్కువగా ఆడించింది అదే. ఆడపిల్లలు ఎంత చక్కగా ఆడేవారో! మండలం, జిల్లా, రాష్ట్రం దాకా వెళ్ళినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ ఆట తెర మీద ఒక్క నిమిషం కూడా కనిపించలేదు. ఈ మధ్య స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ (ఎస్జీఎఫ్) పోటీల్లో పిల్లలు ఫోన్లతో తీసుకుంటున్నారు, అదొక్కటే సంతోషం. వింబుల్డన్ గంటలు తగ్గించమని నేను అడగను. వాటి పక్కన వీళ్ళకీ కాస్త చోటివ్వమని అడుగుతాను. చానెళ్ళకి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను, మీరూ రాయండి.

ఇప్పుడు మీ ఇంటి టీవీ. చిన్న కోర్టుల్లో ఆట మనకి మూడున్నరకి మొదలవుతుంది, సెంటర్ కోర్టులో ఆరింటికి. మొదటి వారం మూడున్నర నుంచి ఆరు దాకా మావయ్యగారికి వదిలెయ్యండి. ఆ వేళలో చిన్న కోర్టులు చూపిస్తే చూడమనండి, మంచి ఆట ఎక్కువగా దొరికేది అక్కడే. టీవీలో రాకపోతే మీ అబ్బాయి చేత ఫోన్‌లో పెట్టించండి. సాయంత్రం పేరున్నవాళ్ళ మొదటి రౌండ్లు మానేసినా ఆయనకి నష్టం లేదు. ఆ రెండు మూడు గంటలు మీవి, మీ అబ్బాయివి. రెండో వారం మంగళవారం నుంచి క్వార్టర్ ఫైనల్స్, అప్పుడు ఆయన్ని కదపొద్దు. విశ్లేషణల పేరుతో సూట్లు వేసుకుని కూర్చుని మాట్లాడుకునేటప్పుడు మాత్రం మ్యూట్ చెయ్యండి, ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. 2025 నుంచి సింగిల్స్ ఫైనల్స్ మనకి రాత్రి ఎనిమిదిన్నరకి మొదలవుతున్నాయి. వంట ముగించుకుని కూర్చోవడానికి మీకు వీలే.

ఇంకొకటి. డబుల్స్ మ్యాచ్ వస్తే మీ అబ్బాయిని తాతగారి పక్కన కూర్చోబెట్టండి. సర్వీస్ చేసేవాడి జతగాడు వల దగ్గర ఎక్కడ నిలబడ్డాడు, మధ్యలోకి వచ్చిన బంతి ఎవరిది, ఒకరు వెనక్కి వెళితే రెండోవారు ఎటు జరిగారు – ఇవి గమనించమనండి. షటిల్ డబుల్స్‌లోనూ కావలసినవి ఇవే. చూసింది మర్నాడు కోర్టులో చేసి చూపించమని తాతగారు అడిగితే ఇంకా మంచిది.

ప్రశ్న: వింబుల్డన్‌లో అందరూ తెల్లబట్టలే ఎందుకు వేసుకుంటారు? ఎవరూ ఎదురు చెప్పలేదా?
– ఇంటర్ విద్యార్థిని, పాలకొల్లు

జవాబు: క్లబ్బు పెట్టుకున్న నియమం. చెమట మరకలు కనిపించకూడదని పాతకాలంలో మొదలైన అలవాటు అంటారు. అమెరికా ఆటగాడు ఆండ్రీ అగస్సీ ఆ నియమం నచ్చక 1988 నుంచి 1990 దాకా ఆ పోటీకే వెళ్ళలేదు, తర్వాత తెల్లబట్టల్లోనే వచ్చి 1992లో గెలిచాడు. నెలసరి రోజుల్లో తెల్లబట్టలతో ఆడటం ఎంత ఇబ్బందో క్రీడాకారిణులు గట్టిగా చెప్పాక, 2023 నుంచి స్కర్టు లోపల ముదురు రంగు షార్ట్స్‌కి ఒప్పుకున్నారు. అది చాలా ముందే జరగాల్సింది.

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్ళు. టీవీలో చూసి టెన్నిస్ నేర్చుకుంటానని పట్టుబడుతున్నాడు. మా ఊళ్ళో కోర్టు లేదు. ఏం చెయ్యమంటారు?
– ఒక తండ్రి, వీరవాసరం

జవాబు: నేర్పించండి. ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని 2016 యూఎస్ ఓపెన్ మెయిన్ డ్రాలో, అంటే అసలు పోటీలో, ఆడాడు, 2014 ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం తెచ్చాడు. కాబట్టి మనవాళ్ళకి రాని ఆట కాదు. కోర్టు దొరికే దాకా గచ్చు నేలా, నున్నటి గోడా ఉంటే చాలు. గోడ మీద మూడడుగుల ఎత్తున సుద్దతో గీత గీయండి, వల ఎత్తు దాదాపు అంతే. బంతి ఆ గీత పైన తగలాలి, ఒక్కసారి నేలమీద పడి లేచాక మళ్ళీ కొట్టాలి. పెద్దవాళ్ళ బంతి వద్దు. పిల్లల కోసం ఎర్రవి, నారింజ రంగువి మెత్తటి బంతులు దొరుకుతాయి, వాడి వయసుకి నారింజది సరిపోతుంది. రాకెట్ కూడా 27 అంగుళాలది కొనకండి, 25 అంగుళాలది చాలు. దుకాణానికి బాబునే తీసుకెళ్ళి చేత్తో పట్టించి చూడండి. పిడి చుట్టూ వేళ్ళు పట్టుకున్నాక వేళ్ళకీ అరచేతికీ మధ్య ఒక వేలు పట్టేంత సందు మిగిలితే ఆ సైజు తీసుకోవచ్చు. మెలకువలు తర్వాత ఎవరైనా కోచ్ చెబుతారు. ముందు గోడకి వరసగా ఇరవై కొట్టనివ్వండి, అప్పుడు నాకు మళ్ళీ రాయండి.