వాసన పోతే రుచీ పోతుందా?

ప్రశ్న: జ్వరం, జలుబు తగ్గి నెల దాటినా నాకు వాసన తెలియడం లేదు, ఏం తిన్నా చప్పగానే ఉంటోంది. రెండూ ఒకేసారి పోతాయా? మళ్లీ వస్తాయా?

జవాబు: చాలామందిలో నిజంగా దెబ్బతినేది వాసన ఒక్కటే. నాలుక తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి (మాంసం, పుట్టగొడుగుల వంటి వాటిలోని కమ్మదనం) అనే 5 మూల రుచులనే గుర్తిస్తుంది. మిగిలిన ప్రత్యేకత అంతా నమిలేటప్పుడు నోటి వెనుక నుంచి ముక్కు పైభాగానికి చేరే ఆవిరుల వల్ల తెలుస్తుంది కాబట్టి, అక్కడి ఘ్రాణకణాలు పనిచేయకపోతే భోజనం సారం కోల్పోతుంది. ఉప్పు, తీపి మీకు విడిగా తెలుస్తుంటే నాలుక బాగానే ఉన్నట్లే.

మామూలు జలుబులో తరచుగా ముక్కు దిబ్బడే కారణం. కోవిడ్‌లో మాత్రం దిబ్బడ లేకుండానే వాసన పోవచ్చు. ఆ వైరస్ ప్రధానంగా ఘ్రాణనాడీ కణాలకు ఆసరాగా నిలిచే కణాలను దెబ్బతీస్తుంది. ఇవి తిరిగి పుట్టగలవు గనుక ఎక్కువమంది కొన్ని వారాల్లో, కొందరు నెలల తరబడి సాగాక కోలుకుంటారు. మధ్యలో పరిచితమైన వాసనలు దుర్గంధంగా తోచడమూ ఉంది (ఇది రోగిని మరింత కలవరపెడుతుంది).

గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్ వాసనలను రోజుకు 2 సార్లు, ఒక్కొక్కటి సుమారు 20 సెకన్లు, కనీసం 3 నెలలు శ్రద్ధగా పీల్చే అభ్యాసం కొందరికి మేలు చేస్తుంది. అంతవరకు గ్యాస్ లీకును, పాడైన ఆహారాన్ని ముక్కు పసిగట్టలేదని గుర్తుంచుకోండి. నెల దాటింది కనుక చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపించుకోండి. తలకు దెబ్బ తగిలినా, ఒక ముక్కు రంధ్రం నుంచి రక్తం వస్తున్నా ఆలస్యం చేయవద్దు.