డోర్నకల్ బిషప్ అజరయ్య ఎవరు?

ఇంగ్లండ్ చర్చి సంప్రదాయానికి చెందిన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునల్వేలి ప్రాంతంలోని ఒక తమిళ క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. క్రైస్తవ యువజన సంస్థ వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా ఉంటూనే, సువార్త సేవ భారతీయుల సొమ్ముతో, భారతీయుల చేతుల మీదుగా నడవాలన్న పట్టుదలతో 1903లో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనకు పూనుకుని, 1909లో ఆ సంస్థ పక్షాన నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు మిషనరీగా వచ్చి తెలుగు నేర్చుకున్నారు. మరుసటి ఏడు స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, పాశ్చాత్య మిషనరీల త్యాగాన్ని మెచ్చుకుంటూనే, మాకు ప్రేమ కావాలి, స్నేహితులు కావాలి అని వారి ముఖం మీదే అడిగారు. ఆ రోజుల్లో ఇది మామూలు సాహసం కాదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషిక్తులయ్యారు. హిందూ, ముస్లిం నిర్మాణశైలులు కలగలిపి ఆయన కట్టించిన డోర్నకల్ కెతీడ్రల్ (బిషప్ ప్రధాన చర్చి) 1939లో ప్రతిష్ఠితమైంది. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు.